ఈ ఏడాది మా ఇంట్లో పైకి చదివినవి, కలిసి చూసినవి

ప్రశ్న: "డిగ్రీ రోజుల్లో నవల పట్టుకుంటే అన్నం కూడా మరిచిపోయేదాన్ని. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు పది పేజీలు కూడా దాటడం లేదు. రాత్రి టీవీ ముందు కూర్చుంటే ఏం చూడాలో వెతకడానికే అరగంట పోతోంది. ఏదో ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపేస్తున్నాను. మేడమ్, ఈ మధ్య మీకు నిజంగా నచ్చిన పుస్తకాలు, సీరీస్‌లు ఏవి? ఎందుకు నచ్చాయి? నేను మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి?"

అమ్మా, మీ ప్రశ్న చదువుతుంటే లైబ్రరీ కౌంటరు ముందు నిలబడి ఇదే మాట చెప్పినవాళ్ళు ఎంతమందో గుర్తొచ్చారు. నేను 31 ఏళ్ళు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి నాలుగేళ్ళ క్రితం రిటైరయ్యాను. పుస్తకం వెనక అంటించిన చీటీ మీద గడువు తేదీ ముద్ర వేసి ఇవ్వడం, తిరిగొచ్చాక సర్ది బీరువాలో పెట్టడం, అదే నా పని. తిరిగొచ్చిన పుస్తకం తెరిచి, చదివినంతవరకు గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టో, పెళ్ళిపత్రిక ముక్కో ఏ పేజీలో ఉందో చూడటం నాకు అలవాటుగా ఉండేది. చాలా పుస్తకాల్లో ఆ గుర్తు ఇరవయ్యో పేజీ దగ్గరే ఆగిపోయి ఉండేది. మీ ఒక్కరికే ఇలా అవుతోందని అనుకోకండి.

పుస్తకాన్ని చివరిదాకా చదివి తెచ్చేవాళ్ళలో నాకు ఒక సంగతి తరచుగా కనిపించేది. వాళ్ళ ఇంట్లో ఆ పుస్తకం వినేవాళ్ళు ఇంకొకరు ఉండేవారు. చూపు తగ్గిన తండ్రికి వారపత్రికలోని సీరియల్ చదివి వినిపించే కొడుకు, మిషను కుట్టుకుంటూ వినే అక్కకు కథలు చదివే చెల్లెలు, ఇలాంటివాళ్ళు. "వచ్చే వారం ఏమవుతుందోనని అక్క గొడవ చేస్తోందండీ" అంటూ ఆ అమ్మాయి గడువుకు ముందే వచ్చేది. అప్పట్లో నేను దాన్ని ముచ్చటగా చూశానే తప్ప దాంట్లో ఉన్న బలం నాకు అర్థం కాలేదు. ఈ ఏడాది మా ఇంట్లోనే అది అనుభవంలోకి వచ్చింది.

మా అత్తయ్యకు 84 ఏళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది కానీ అక్షరం మీద చూపు నిలవదు. ఆమెది కడప జిల్లా మైదుకూరు వైపు పల్లె. నేను తెనాలి దగ్గర పుట్టిపెరిగాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె మాట నాకు వేరుగానే వినిపిస్తుంది, నా మాట ఆమెకు వేరుగానే వినిపిస్తుంది. సంక్రాంతి తర్వాత ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి, టీవీ లేక, ఆమె తోచక కూర్చుంటే "ఏదైనా చదవనా అత్తయ్యా" అన్నాను. చేతికి అందింది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందిన నవల అది. కడప జిల్లా రచయిత, అక్కడి జనం, అక్కడి మాట కాబట్టి ఆమెకు నచ్చుతుందేమో అనుకున్నానంతే.

కథ సంగతి క్లుప్తంగా చెబుతాను. కరువొచ్చి పల్లెలో మేతా నీళ్ళూ లేనప్పుడు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్ళి, మళ్ళీ వానలు పడేదాకా అక్కడే ఉంటారు. దాన్నే కొండపొలం పోవడం అంటారు. ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన కుర్రాడు తండ్రితో కలిసి అలా అడవికి వెళతాడు. అక్కడ దప్పిక ఉంటుంది, పులి భయం ఉంటుంది, పక్కన అనుభవమున్న కాపరులు ఉంటారు. ఇంటర్వ్యూలో నోరు పెగలని పిల్లవాడు అడవిలో నెమ్మదిగా మనిషవుతాడు.

మొదటి రోజు నాలుగు పేజీలు చదివానో లేదో "కాదు మ్మే, అట్ల గాదు పలికేది" అని ఆపింది అత్తయ్య. నేను చదివిన వాక్యాన్ని తను ఒకసారి పలికింది. అక్షరాలు అవే. దీర్ఘం ఎక్కడ లాగాలో, మాట ఎక్కడ విరవాలో, ఆ ఒడుపు మాత్రం వేరు. పుస్తకంలో అచ్చులో పడుకుని ఉన్న వాక్యం లేచి కూర్చున్నట్టయింది. అప్పటినుంచి మాకు అదొక పద్ధతి అయిపోయింది. నేను చదవడం, ఆమె సరిదిద్దడం. "జీవాలు" అంటే అక్కడ గొర్రెలూ మేకలేనని నాకు తెలుసు. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో వచ్చే మెత్తదనం మాత్రం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆరేడు రోజులయ్యాక, మందను అదిలించే చోటు ఒకటి చదువుతున్నాను. అత్తయ్య నాలుకను అంగిలికి తాకించి గొంతులోంచి ఒక శబ్దం చేసింది. గొర్రెల్ని పిలిచే శబ్దమట. లోపల కూరగాయలు తరుగుతున్న మావారు కత్తిపీట వదిలేసి బయటికొచ్చారు. ఆయనకు అరవై ఆరేళ్ళు. తల్లి నోట ఆ శబ్దం వినడం అదే మొదటిసారి అన్నారు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ పుట్టింట్లో మంద ఉండేదని ఆయనకు ఎప్పుడో విన్న గుర్తే తప్ప, వివరాలు ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఆ రోజు చెప్పింది. "మా నాయన గూడా పోయేవాడు కొండకు. కరువొస్తే నెలలకు నెలలు రాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. కొండ దిక్కు మబ్బు పట్టిందని ఎవరన్నా అంటే సాలు, మా యమ్మ పెద్ద కాగులో నీళ్ళు కాసిపెట్టేది, వస్తానే పోసుకుంటాడని. ఎన్నిసార్లు కాసి పారబోసిందో." ఇంత చెప్పి, "చదువు మ్మే, నిలిపితివేంటికి" అంది. నాకు గొంతు పట్టేసి ఆ పూట ఇంక చదవలేకపోయాను.

నవల పూర్తి కావడానికి నెలన్నర పట్టింది. రోజుకు ఏడెనిమిది పేజీలు, ఒక్కోరోజు మూడే. నేను ఒక్కదాన్నే అయితే రెండు మూడు రోజుల్లో ముగించి బీరువాలో పెట్టేసేదాన్ని. కథ తెలిసేది, బాగుందనుకునేదాన్ని. అడవిలో ఒక పగలు ఎంత పొడుగ్గా ఉంటుందో, నీటి కోసం ఎంత దూరం నడవాలో, ఆ కాలం గడవడం మాత్రం నాకు తెలిసేది కాదు. అది నెమ్మదిగా చదివితేనే తెలిసే పుస్తకం. 2021లో క్రిష్ దర్శకత్వంలో ఇదే పేరుతో సినిమా వచ్చింది. అడవిని కళ్ళకు కట్టినట్టు చూపించారు. కానీ రెండు గంటల పైచిలుకులో అడవి అందంగా కనబడుతుంది, అలసట కనబడదు. అత్తయ్యకు చూపిస్తే కాసేపు చూసి "గొర్రెలు బాగుండాయి" అంది. ముందు నవల చదవండి, సినిమా తర్వాత చూడవచ్చు.

రెండోది మీలాంటి ఉద్యోగం చేసే ఆడపిల్లలకు నేను కౌంటరు దగ్గర ఎప్పుడూ చేతిలో పెట్టిన నవల: డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'. ఆమె వృత్తిరీత్యా వైద్యురాలు. ఈ నవల 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1961లో, ముప్పై రెండేళ్ళు కూడా నిండకుండానే ఆమె కన్నుమూశారు. రాసిన నవల ఇదొక్కటే. విశాఖపట్నంలో జరిగే కథ.

నా ఇరవయ్యో ఏట మొదటిసారి చదివినప్పుడు ఇందిర అంటే నాకు కోపం. ఆమె సంపాదించి ఇల్లు నడుపుతుంది. తండ్రి ఆనందరావుకు కూతురి జీతం కావాలి, కూతురి బతుకు గురించి ఆలోచన లేదు. అదే ఇంట్లో గది తీసుకుని ఉండే వైద్య విద్యార్థి ప్రకాశం మంచివాడు, మెత్తనివాడు, ఎవరి ముందూ నిలబడి ఒక మాట చెప్పలేనివాడు. ఇందిర ఎవరినీ బతిమాలదు. తనకు కావలసింది తీసుకుంటుంది, అవతలివాళ్ళు ఏమనుకుంటారో లెక్కచేయదు. ఆ వయసులో నాకు నవలలోని మరో అమ్మాయి, పద్ధతిగా ఉండే కల్యాణి నచ్చింది. ఇందిరది స్వార్థం అనిపించింది. పుస్తకం అంచున పెన్సిలుతో ఏదో రాసుకున్నాను కూడా.

ఈ ఏడాది వేసవిలో మళ్ళీ చదివాను. నలభై ఏళ్ళు దాటిపోయాయి మధ్యలో. ఈసారి నాకు పేజీ పేజీకీ వినిపించింది ఇందిర అలసట. నెల మొదటి తారీకున జీతం తెచ్చి తండ్రి చేతిలో పెట్టే పిల్లకు, నీకేం కావాలి అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరు లేరు. అంత గడుసుగా మాట్లాడేది ఎందుకో అప్పుడు అర్థమైంది. మెత్తగా మాట్లాడితే ఆమెకు మిగిలేది ఏమీ లేదు. ప్రకాశం మీద చిన్నప్పుడు నాకున్న జాలి కూడా ఈసారి కొంత తగ్గింది. మంచితనం ఉండి, ధైర్యం లేకపోతే పక్కనున్నవాళ్ళు ఎంత నష్టపోతారో శ్రీదేవి గారు ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా చూపించారు. ముప్పై ఏళ్ళు నిండీ నిండని మనిషి అంత నిబ్బరంగా ఎలా రాయగలిగారా అని పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎవరినీ చెడ్డవాళ్ళుగా నిలబెట్టలేదు. చివరికి ఆనందరావును కూడా.

దీన్ని అత్తయ్యకు పైకి చదవలేదు. ఇది ఒంటరిగా చదువుకోవలసిందే అనిపించింది. అయితే సంభాషణలు మాత్రం పెదవులు కదుపుతూ చదివాను. మీరూ అలా చదివి చూడండి. ఇందిర మాటలు విసురుగా వస్తాయి, ప్రకాశం మాటలు సగంలో మింగేసినట్టుంటాయి. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు ఈ నవలే ఆధారం. సినిమా హాయిగా సాగిపోతుంది, సావిత్రి ఉంది, పాటలున్నాయి. నవలలో ఉన్న పదును కోసం అందులో వెతకవద్దు.

పుస్తకాల విషయంలో ఇంకొక్కటి చెప్పి టీవీకి వస్తాను. మీకు ఇప్పుడు నవల బరువు అనిపిస్తే సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు' తెచ్చుకోండి. నూరు కథలు. ఒక్కోటి మూడు నాలుగు పేజీలు, బాపు బొమ్మలు. 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చాయి. శ్యామ్ బెనగల్ హిందీలో దూరదర్శన్‌కు సీరియల్‌గా కూడా తీశారు. అన్నీ ఒకే స్థాయిలో ఉంటాయని నేను చెప్పను, కొన్ని మరీ తీపిగా ఉంటాయి. కానీ మొదటి కథ 'వరద' చదివి, కృష్ణ పొంగినప్పుడు ఊళ్ళో ఏ గీతలు చెరిగిపోయాయో, నీరు తీశాక మళ్ళీ ఏమైందో చూడండి. పది నిమిషాల పని. దానికోసం రోజంతా ఆలోచనలో పడతారు. మా మనవరాలు తొమ్మిదో తరగతి, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆదివారం ఆదివారం ఒక కథ వీడియో కాల్‌లో నాకు చదివి వినిపిస్తుంది. ఇప్పటికి పద్దెనిమిది అయ్యాయి.

టీవీలో ఈ మధ్య నన్ను బాగా కదిలించింది 'పంచాయత్', హిందీ సీరీస్. 2020లో మొదలైంది, మేము చాలా ఆలస్యంగా చూశాం. పట్నంలో మంచి ఉద్యోగం రాక, ఫులేరా అనే పల్లెకు పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన కుర్రాడు. అక్కడ పెద్ద సంఘటనలేమీ ఉండవు. సోలార్ దీపం ఎక్కడ పెట్టాలి, ఆఫీసుకు తెచ్చుకున్న చక్రాల కుర్చీ మీద పెళ్ళికొడుకు కన్నెందుకు పడింది, ఇలాంటివే ఒక్కో ఎపిసోడ్. నేను ఉద్యోగం చేసిన మండలాల్లో పంచాయతీ ఆఫీసు, లైబ్రరీ పక్కపక్కనే ఉండేవి. ఆ తాళంచెవి గొడవ, ఆ ఫ్యాను కింద కూర్చుని సర్పంచి గారి భర్త పెత్తనం చేయడం, గెలిచిన ఆమె ఇంట్లో పొయ్యి దగ్గర ఉండటం, ఇవన్నీ నేను కళ్ళారా చూసినవే. నవ్వుతూ చూస్తున్నాను కానీ లోపల ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది.

రెండో సీజన్ చివరి ఎపిసోడ్ గురించి మాత్రం నిలబడి చెప్పాలి. ఉప సర్పంచి ప్రహ్లాద్, అంతవరకు సరదాగా తిరిగే మనిషి, అతని కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఆ కొడుకు చనిపోయాడని కబురు వస్తుంది. అత్తయ్యకు హిందీ రాదు. నేను పక్కన కూర్చుని మెల్లగా తెలుగులో చెబుతూ వచ్చాను అన్ని ఎపిసోడ్లూ. అక్కడికి వచ్చేసరికి "ఏం జెప్పాకు, నాకు తెలిసిపాయ" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ నటుడు ఫైసల్ మలిక్ పెద్దగా ఏడవడు, అరవడు. మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. రెండు సీజన్లు నవ్వించి, ఆ ఇంటి మనిషిని మనకు ఇంటి మనిషిని చేసి, అప్పుడు ఆ కబురు చెప్పారు. మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పి ఉంటే మనకు అది ఒక వార్త అయ్యేది. తర్వాతి సీజన్లలో రాజకీయాలు ఎక్కువై కొంత పల్చబడింది. అయినా ప్రహ్లాద్ తెరమీద కనిపించిన ప్రతిసారీ నేను పని ఆపి చూశాను.

దాని తెలుగు రూపం 'సివరపల్లి' 2025 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చింది. కథ చాలాచోట్ల మూలం అడుగులోనే నడుస్తుంది. అది చూసినవాళ్ళకు కొత్త సంగతి తక్కువ. అయినా నేను మొత్తం చూశాను, కారణం తెలంగాణ మాట. మా తరం చూసిన సినిమాల్లో ఆ యాస హాస్యగాడికో, రౌడీకో కేటాయించి ఉండేది. హీరో మాట్లాడేది మా కృష్ణా గుంటూరు మాట. ఇది అన్యాయమని నాకు చిన్నప్పుడు తట్టనే లేదు, అది మా మాటే కాబట్టి. నల్గొండ జిల్లా నుంచి వచ్చి మా లైబ్రరీలో చదువుకున్న ఒక కుర్రాడు "మేడమ్, మా అమ్మ మాట్లాడే భాష సినిమాలో వినబడితే హాల్లో అందరూ నవ్వుతరు, నాకు నవ్వు రాదు" అన్నాడు ఒకసారి. ఇప్పుడు రాగ్ మయూర్ కథానాయకుడిగా అదే మాట మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడుతుంటే ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. ఎక్కడో మంచి ఉద్యోగంలోనే ఉండి ఉంటాడు. చూసి ఉంటాడని నా ఆశ.

'90's ఏ మిడిల్ క్లాస్ బయోపిక్' మీరు చూసే ఉంటారు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. ఆదిత్య హాసన్ తీశారు. గవర్నమెంటు స్కూల్లో లెక్కల మాస్టారు, ప్రతి రూపాయికీ లెక్క చూసుకునే మనిషి, తన పిల్లల్ని మాత్రం ప్రైవేటు స్కూల్లో చదివిస్తాడు. శివాజీ ఆ మాస్టారుగా చేశారు, వాసుకి భార్యగా చేశారు. మా పిల్లలు దీన్ని చూసి పగలబడి నవ్వారు, ముఖ్యంగా ఉప్మా దగ్గర. తర్వాత మా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, నాన్న ఆ స్కూటర్ అన్నేళ్ళు ఎందుకు మార్చలేదో నాకిప్పుడు తెలిసింది" అన్నాడు. మావారు ఫోను స్పీకరులో విని ఏమీ అనలేదు. కాసేపయ్యాక "వాడి ఇంజినీరింగ్ ఫీజు కట్టిన ఏడాది అది" అని మాత్రం నాతో అన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత తండ్రీ కొడుకుల మధ్య ఆ ఒక్క మాట జరగడానికి ఈ సీరీస్ కారణమైంది. దానిలో నాకు కొన్ని సన్నివేశాలు సాగదీసినట్టు అనిపించాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

పిల్లలతో కలిసి చూడటానికి ఏదైనా కావాలంటే 'అమృతం' పెట్టండి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారం ఆదివారం వచ్చేది. 313 ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు గారి తయారీ. నష్టాల్లో నడిచే హోటలు, ఇద్దరు మిత్రులు, అద్దె కోసం వెంటపడే అప్పాజీ. ఎవరినీ కించపరచకుండా అన్నేళ్ళు నవ్వించడం మాటలు కాదు. ఆంజనేయులుగా చేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. ఆయన అయోమయంగా చూసే చూపు కోసమే నేను కొన్ని ఎపిసోడ్లు మళ్ళీ మళ్ళీ చూస్తాను.

ఇంకొకటి, అందరూ మరిచిపోయేది: పాత 'పాడుతా తీయగా' ఎపిసోడ్లు. 1996లో ఈటీవీలో మొదలైన కార్యక్రమం అది. పిల్లవాడు పాట పాడాక బాలసుబ్రహ్మణ్యం గారు ఆ పాట ఎవరు రాశారు, ఏ సందర్భంలో వస్తుంది, ఏ మాటను ఎక్కడ విరిచి పాడితే అర్థం చెడుతుంది, అన్నీ ఓపికగా చెప్పేవారు. తప్పు చెప్పేటప్పుడు కూడా ఆ పిల్ల ముఖం చిన్నబోకుండా చెప్పేవారు. ముందు ఏం బాగుందో చెప్పి, తర్వాత తప్పు తనే పాడి చూపించి, సరైనది పాడి, "ఇలా ఉంటే ఇంకా బాగుంటుంది నాన్నా" అన్న ధోరణి. 'ళ'ను 'ల' అన్నా, ఒత్తు మింగినా ఆయన వదిలేవారు కాదు. 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు నాకు మా గురువు పోయినంత బాధ కలిగింది. తెలుగు పైకి చదవడం ఎలాగో నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. పాట వినండి, ఆ తర్వాత మాటలు దాటవేయకుండా వినండి.

ఇక మీ సంగతి. మీకు చదువు మీద ఇష్టం పోలేదు. పోయి ఉంటే ఈ ప్రశ్న అడిగేవారే కాదు. రోజంతా ఫోనులో కళ్ళతో జారుకుంటూ చదివే అలవాటు పడిపోయి, నవలను కూడా అలాగే చదవబోతే వాక్యం చేతికి చిక్కడం లేదు. పైకి చదివితే జారడానికి వీలుండదు, నాలుక అంత వేగంగా తిరగదు కాబట్టి. ఈ రాత్రే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని 'వరద' పైకి చదవండి. మధ్యలో వాళ్ళు ప్రశ్నలడుగుతారు, అడగనివ్వండి. కథ సగంలో నిద్రపోతే మిగతాది రేపు. తర్వాతి నెల మీ కోసం మీరు 'కాలాతీత వ్యక్తులు' తీసుకోండి, రోజుకు ఒక ప్రకరణమో, పది పేజీలో. అది పూర్తయ్యేదాకా రెండో పుస్తకం ఇంట్లోకి తేవద్దు. బల్ల మీద నాలుగు పుస్తకాలు పేర్చి పెట్టుకుంటే నాలుగూ ఇరవయ్యో పేజీ దగ్గరే ఆగుతాయి.

మీరు పుట్టి పెరిగిన ప్రాంతపు మాటలో రాసిన పుస్తకం ఒక్కటైనా వెతుక్కోండి. మీది ఏ జిల్లానో చెప్పలేదు. చిత్తూరు వైపు అయితే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు, నెల్లూరు వైపు అయితే మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు', గోదావరి వైపు అయితే వంశీ గారి 'మా పసలపూడి కథలు'. మీ అమ్మమ్మ గొంతు అందులో వినబడుతుంది. అది వినబడ్డాక పుస్తకం దానంతట అదే చదివించుకుంటుంది. ఒక్క కథ కోసం వెతుకుతుంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో అచ్చయిన కథలు వేలల్లో చదువుకోవచ్చు. మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే తప్పకుండా వెళ్ళండి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతున్నాయి. ఆ పుస్తకాలు మీ డబ్బుతో కొన్నవే. కావలసిన పుస్తకం లేకపోతే సలహాల రిజిస్టరులో రాయండి. ఎవరూ రాయక ఆ రిజిస్టరు ఖాళీగా పడి ఉండటం నేను ఏళ్ళ తరబడి చూశాను.

టీవీకి నేను పాటించేది ఒకటే. వారంలో మూడు రోజులు, రోజుకు ఒక ఎపిసోడ్, ఎవరో ఒకరితో కలిసి. అయిపోగానే టీవీ కట్టేసి ఒక పది నిమిషాలు దాని గురించి మాట్లాడుకుంటాం. ఏం చూడాలో ఆదివారమే అనుకుంటాం కాబట్టి వెతుకులాట ఉండదు. మొదట్లో మావారికి ఇది స్కూలు పద్ధతిలా అనిపించింది. ఇప్పుడు ఆయనే టైముకు వచ్చి కూర్చుంటున్నారు.

అత్తయ్యకు ఇప్పుడు నామిని గారి 'పచ్చ నాకు సాచ్చిగా' మొదలుపెట్టాను. చిత్తూరు మాట ఆమెకు దగ్గరగానే ఉంటుంది కానీ, కొన్ని మాటల దగ్గర "మా పక్క ఇట్ల అనరు" అని ఆపి, వాళ్ళ పక్క ఏమంటారో చెబుతుంది. ఒక నోటుపుస్తకం పెట్టి ఆ మాటలు రాసుకుంటున్నాను. నిన్నటికి అరవై రెండు అయ్యాయి. నాలుగు గంటలైంది, పక్క గదిలోంచి మంచం కిర్రుమన్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె లేచినట్టుంది, చదవడానికి వెళ్ళాలి. మీరు 'వరద' చదివాక పిల్లలు ఏం అడిగారో నాకు రాయండి.